హాజరు పుస్తకంలో ఒక్క వేలిముద్ర

గడిచిన వారం మనం కోడలిని బస్సులో వదిలిపెట్టాం. ఒళ్ళో సంచీ, సంచీలో నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాగితం, దిగాల్సిన స్టాపు దాటిపోయినా తెలియనంత పరధ్యానం. రెండు స్టాపులు వెనక్కి నడిచి ఇల్లు చేరేసరికి ఆమె ఒక్కటే తేల్చుకుంది: ఇవాళ మాత్రం అత్తగారికి చెప్పకూడదు.

అలా చెప్పకుండానే మూడు రోజులు గడిచాయి.

కథలోకి కొత్తగా అడుగుపెట్టినవారికి కొంచెం చెప్పాలి. నలభై రెండేళ్ళ ఈ కోడలు పగలంతా పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి, సాయంత్రాలు యూనివర్సిటీకి వెళ్ళి చరిత్ర చదువుతోంది. ఒకటీ రెండూ కాదు, ఎనిమిదేళ్ళుగా. వాళ్ళ వంటింటి అలమర తలుపుకి లోపలివైపు ఒక పసుపుపచ్చ కాగితం అంటించి ఉంది. "చరిత్ర డిగ్రీ పూర్తి కావడానికి కావలసినవి" అని పైన లావాటి అచ్చు. కింద పదకొండు అంశాలు. ముప్పై రెండు పేపర్లు పాసవ్వాలి. వాటిలో రెండైనా అచ్చుయంత్రం పుట్టకముందు కాలానివై ఉండాలి. తనది కాని భాషలో ఒక పాత కాగితం చదివి అర్థం చెప్పగలగాలి. ఈ పరీక్ష మీదికి ఆమె మూడుసార్లు దండెత్తింది. రెండోసారి తప్పి వచ్చి మంచానికి అడ్డంగా పడుకుంటే అత్తగారే వచ్చి, "మళ్ళీ రాయి. ఆ భాషేమన్నా నీ మీద పగబట్టిందా?" అని లేపి కూర్చోబెట్టింది.

పది అంశాల పక్కన టిక్కులు పడ్డాయి. మిగిలింది పదకొండోది, నలభై పేజీలకు తగ్గని పరిశోధన వ్యాసం. కనీసం రెండు మూలాధారాలుండాలి. బతికున్న మనిషి చెప్పిన మాటలు వాడుకుంటే, ఆ భాగమంతా ఆ మనిషికి చదివి వినిపించి, ఒప్పుకుంటున్నట్టు సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఇదంతా ఎనిమిదేళ్ళలో అయిపోవాలి. లేకపోతే పాసైన ముప్పై రెండు పేపర్లూ నీళ్ళలో కలిసినట్టే. ఆ ఎనిమిదో ఏడు వచ్చే శుక్రవారం సాయంత్రం అయిదింటికి ముగుస్తుంది.

వ్యాసానికి ఆమె ఎంచుకున్నది తన లాండ్రీ కథే. యాభై రెండేళ్ళ కిందట ఒక పిల్ల చెయ్యి దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలర్ల మధ్య పడి నలిగిపోయింది. రోలరు ముందు ఒక అడ్డు కడ్డీ పెట్టమని ఆడవాళ్ళంతా తొమ్మిది రోజులు పని మానేశారు. నెత్తిమీది మూట దించేసి మొట్టమొదట గేటు దాటింది ఎవరనుకున్నారు? ఈ అత్తగారే. ఇరవై రెండేళ్ళ వయసులో. ఆ సంగతి ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు తెలుసు. సమ్మె ఎలా విరిగిందో కూడా తెలుసు. నాలుగో రోజు పొద్దున, దొంగచాటుగా పనిలోకి వెళ్ళినవాళ్ళ జాబితా ఒకటి ఆసుపత్రివాళ్ళు గేటుకి అంటించారు. ఆరు పేర్లు. మొదటి పేరు నిచ్చెనక్కది. మనిషి పొడుగని ఆమెకా పేరు. సమ్మెకి నాయకురాలు కూడా ఆమే. నాయకురాలే లోపలికి వెళ్ళిందంటే ఇంకెవరు నిలబడతారు? తొమ్మిది రోజులు తిరిగేసరికి అందరూ మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయారు.

కోడలు ఇదంతా ఇరవై తొమ్మిదో పేజీలో రాసింది. "నమ్మకద్రోహం" అనే మాట కూడా వాడింది.

తర్వాత గురువారం నాడు పాత రికార్డుల గదిలో హాజరు పుస్తకం దొరికింది. సమ్మెలో మూడో రోజు. ముప్పై ఎనిమిది పేర్లు. నిచ్చెనక్క పేరుకి ఎదురుగా అడ్డగీత, అంటే రాలేదని. జాబితాలోని మిగతా అయిదుగురికీ అడ్డగీతలే. ఆ పేజీ మొత్తం మీద ఉన్నది ఒకే ఒక్క వేలిముద్ర.

అది అత్తగారిది.

ఆ కాగితం పట్టుకుని ఆమె ముందు గైడు మేడమ్ దగ్గరికే వెళ్ళింది. మేడమ్ ఆమెకంటే అయిదేళ్ళు చిన్నది. ఇద్దరూ ఒకరినొకరు "మీరు" అనుకుంటారు.

"మేడమ్, మా అత్తయ్య చెప్పిన ఆ మూడో అధ్యాయం తీసేస్తే?"

"ఇరవై ఆరు పేజీలు మిగుల్తాయి. ఆధారం ఒక్కటే మిగుల్తుంది. ఆఫీసువాళ్ళు తీసుకోరు."

"పోనీ, ఈ కాగితం సంగతి రాయకపోతే?"

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడవాల్సినంత మురికేమీ లేదు దానికి. "మీరు చూడకుండా ఉంటే వేరే మాట. చూశారు. చూసి కూడా చూడనట్టు రాస్తే అది చరిత్ర కాదు. నాకేం, కుర్చీలో కూర్చుని ఎన్నైనా చెప్తాను. రేపు ఆవిడతో కలిసి అన్నం తినాల్సింది మీరు."

ఆ చివరి మాటే కోడలిని మూడు రోజులుగా తినేస్తోంది. ఎందుకంటే ఈ ఎనిమిదేళ్ళూ ఆమెకి వేళకి అన్నం పెట్టింది ఆ అత్తగారే. క్లాసున్న ప్రతి సాయంత్రం పిల్లలిద్దరినీ చూసుకుని, వాళ్ళ జ్వరాలూ దెబ్బలాటలూ తనే సర్ది, ఎవరైనా "ఈ వయసులో కోడలికి చదువేంటమ్మా?" అంటే "నీకు కుళ్ళుగా ఉంటే నువ్వూ చేరు" అని మొహం మీదే అనేసిన మనిషి.

ఇక ఆదివారం మధ్యాహ్నం.

అత్తగారి కొడుకు లిఫ్టు మెకానిక్కు. ఎక్కడో ఎవరో ఇరుక్కుపోయారని ఫోనొస్తే చెప్పులు వేసుకుంటూ భార్యని పక్కకి పిలిచాడు. అతనికి విషయం శుక్రవారమే తెలిసింది. "పేరు మార్చి రాసెయ్యరాదూ? ఒకానొక కార్మికురాలు అని?"

"ఏ పేరు పెట్టినా చదివి వినిపించాలిగా. వింటే ఆవిడకి తెలీదా?"

అతను కాసేపు గుమ్మం గడియని అటూ ఇటూ ఆడించాడు. "నేనొచ్చేదాకా ఆగు మరి" అన్నాడు.

"నువ్వొస్తే మాత్రం ఏం చేస్తావు?"

"ఏం చెయ్యను. ఇద్దరి మధ్యా కూర్చుంటాను" అని వెళ్ళిపోయాడు.

అతను వచ్చేదాకా ఆగనివ్వలేదు అత్తగారు. డాబా మీద ఆరిన దుప్పట్లు ఇద్దరూ మడతపెడుతున్నారు. చెరో కొసా పట్టుకుని విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి అంచులు కలపడం. లాండ్రీ ఆడవాళ్ళు నిద్రలో కూడా చెయ్యగల పని అది. మూడో దుప్పటికి అత్తగారు తన కొసని వదలకుండా అలాగే నిలబడిపోయింది.

"అంచులు కుదరడం లేదమ్మాయ్. గురువారం నుంచీ చూస్తున్నాను, నీ చేతులు ఎక్కడో ఉన్నాయి. మళ్ళీ తప్పావా?"

"లేదత్తయ్యా."

"వాడేమన్నా అన్నాడా?"

"ఆయనేం అంటారు, పాపం."

"అయితే నా సంగతే" అంది అత్తగారు. దుప్పటి తనే చుట్టచుట్టి చంకలో పెట్టుకుంది. "పద, కిందికెళ్దాం. నాకు చదివి వినిపించాలన్నావుగా. ఇవాళే వినేస్తాను."

వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. అత్తగారికి చదవడం రాదు. వినడం మాత్రం ఆవిడకి వచ్చినట్టు ఎవరికీ రాదు. మోచెయ్యి బల్ల మీద ఆనించి, చెంప అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటుంది. కోడలు మూడో అధ్యాయం మొదలుపెట్టింది. ఆవిరి గది, బట్టల సోడా వాసన, నలిగిన చెయ్యి, దించిన మూట. తన మాటలే తనకు వినపడుతుంటే అత్తగారి పెదాలు కోడలి గొంతుతోపాటు కదిలాయి. ఒకచోట ఆపి, "మూట ఎడమవైపు దించాను. కుడి కాదు" అని దిద్దింది. కోడలు పెన్సిల్‌తో దిద్దుకుంది.

జాబితా వచ్చింది. నిచ్చెనక్క పేరు వచ్చింది. నమ్మకద్రోహం అన్న మాట దగ్గర పెదాల కదలిక ఆగింది.

ఆ తర్వాతి పేజీ మొన్న శుక్రవారం రాసింది. కోడలు గొంతు సవరించుకుంది. నీళ్ళు తాగింది. చివరికి గబగబా చదివేసింది. "మూడో రోజు హాజరు పుస్తకంలో ముప్పై ఏడు పేర్లకు ఎదురుగా అడ్డగీతలున్నాయి. ఒక్క పేరుకి ఎదురుగా వేలిముద్ర ఉంది."

"ఎవరిదని రాశావు?" అడిగింది అత్తగారు, కళ్ళు తెరవకుండానే. తెలియక అడిగే గొంతు కాదది.

"ఖాళీ వదిలాను."

"ఏదీ, ఆ కాగితం చూపించు."

కోడలు జిరాక్సు విప్పి బల్ల మీద పరిచింది. అత్తగారు కళ్ళు తెరిచి, అక్షరాలన్నీ వదిలేసి, నల్లటి మచ్చ మీద వేలు పెట్టింది. తన బొటనవేలిని దాని పక్కనే పెట్టి చాలాసేపు పోల్చి చూసుకుంది.

"సోడాలో నాని అరిగిపోయింది కదా, గీతలు కూడా సరిగా పడలేదు" అంది. "నాదే."

కోడలు తనకి ఏడుపొస్తుందనుకుంది. కోపమొచ్చింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఈవిడ మీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. "పదకొండుసార్లు కూర్చోబెట్టి అడిగానత్తయ్యా మిమ్మల్ని! రికార్డు చేసుకున్నాను. రోలరు రంగుతో సహా చెప్పారు. ఇది మాత్రం చెప్పలేదు!"

"చెప్పలేదు."

"ఎందుకు వెళ్ళారు?"

"నా చెల్లెలు కాన్పు వార్డులో ఉంది." అత్తగారు నింపాదిగా చెప్పింది, ఎవరికో దారి చెబుతున్నట్టు. "వెనక గేటు దగ్గరికి నర్సు పరిగెత్తుకొచ్చింది. మీ చెల్లెలికి నెత్తురు ఆగడం లేదు, కింద వెయ్యడానికి ఉతికిన గుడ్డ ఒక్కటి లేదు, పాత పేపర్లు పరుస్తున్నాం అంది. మేమే కదా మానేసింది, ఎక్కణ్ణించి వస్తాయి గుడ్డలు? వెళ్ళాను. ఒక్కదాన్నీ సాయంత్రం దాకా నలభై మూడు దుప్పట్లు ఉతికాను. నా చెల్లెలి ఒక్కదానికే కాదు, వార్డు మొత్తానికి."

"పిన్నిగారు..."

"బతికింది. ఇంకో ఇరవై ఏళ్ళు బతికి నాతో పోట్లాడుతూనే ఉంది." చిన్న నవ్వు వచ్చి పోయింది. "వెళ్ళడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ వెళ్తాను. నన్ను కొరికేది అది కాదమ్మాయ్."

కోడలు పెన్సిలు బల్ల మీద పెట్టేసింది. ఇలాంటి చోట గుక్క తిప్పుకోనివ్వాలని, మధ్యలో దూరకూడదని క్లాసులో నేర్పారు.

"లోపలికి వెళ్ళేటప్పుడు హాజరు గుమాస్తా వేలిముద్ర వేయించుకున్నాడు. కుర్రవాడే, చెవి వెనక ఎప్పుడూ పెన్సిలుండేది. నా మొహం చూసి, భయపడకు, నీ పేరు బయటికి రానివ్వను అన్నాడు. సరేననుకున్నాను. మర్నాడు పొద్దున గేటుకి జాబితా. చదవడం వచ్చినావిడ పైకి చదివింది. ఆరు పేర్లు. నేను లేను. నిచ్చెనక్క ఉంది."

"ఆవిడ లోపలికి రాలేదుగా?"

"రాలేదు. ఆ ఆరుగురిలో ఒక్కరూ రాలేదు. లోపల నేనొక్కదాన్నే ఉన్నాను కదా, రాలేదని తెలిసింది కూడా నాకొక్కదానికే. చెప్పాలంటే, నీకెలా తెలుసని అడుగుతారు." అత్తగారు బొటనవేలిని చీరకొంగుతో రుద్దుకుంది, యాభై రెండేళ్ళ నాటి సిరా ఇంకా అంటుకుని ఉన్నట్టు. "అందరూ ఆవిడ మీద పడ్డారు. ఒకావిడ ఉమ్మింది. నిచ్చెనక్క ఎవరినీ ఏమీ అనలేదు. చుట్టూ చూసి, చూసి, నా దగ్గర ఆగింది. నువ్వైనా నమ్మవు కదా అన్నట్టు. నేను తల దించుకున్నాను. అంతే. నేను చేసింది అంతే. ఆవిడ మళ్ళీ గేటు దగ్గరికి రాలేదు."

వంటింట్లో కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. కోడలు లేచి కట్టేసింది. తిరిగి వచ్చి కూర్చోబోతూ, కూర్చోకుండా, అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. కోపం ఉంది. చెయ్యి కూడా ఉంది. రెండింటినీ ఒకేసారి మొయ్యొచ్చని ఆమెకి ఆ క్షణందాకా తెలియదు.

"నాకు మాత్రం ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"నువ్వు కనిపెట్టేస్తావేమోనని ఒక పక్క భయం. కనిపెడితే బావుండునని ఇంకో పక్క. నీకు లెక్చర్ల వేళకి అన్నం పెట్టి పంపేదాన్ని కదా, ఆ రెండో పక్కే పెట్టిందనుకో." ఆవిడ కోడలి చేతిని తట్టింది. "ఆ ఒప్పుకోలు కాగితం ఏదీ?"

కోడలు అంగీకార పత్రం తీసింది. సిరా పెట్టె కూడా మొన్న శుక్రవారమే కొని దాచుకుంది. అదీ బల్ల మీద పెట్టింది. అత్తగారు పెట్టె మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూసేసింది.

"ఇప్పుడు వెయ్యను."

"అత్తయ్యా, శుక్రవారం..."

"తెలుసు. అయిదింటికి. అలమర తీసినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. చదవడం రాకపోయినా ఏది ఎక్కడుందో తెలీదా? వేస్తాను, ఖాళీలో నా పేరు కూడా రాద్దువుగాని. కానీ ముందు ఆవిడకి చెప్పాలి. నీ పుస్తకంలో ఉందని ఎవరో చెప్తే తెలియకూడదు. నా నోటితో నేనే చెప్పాలి."

"ఎవరికి? నిచ్చెనక్కకా? ఆవిడ బతికే ఉందా?"

"ఆరేళ్ళ కిందట కూరల కొట్టు దగ్గర చూశాను. నడుం వంగింది గానీ అదే నడక. వెనకాలే వెళ్ళాను, ఇల్లు ఎక్కడో తెలుసుకుందామని. మెట్ల దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను." అత్తగారు కోడలి కళ్ళలోకి చూసింది. "ఒక్కదాన్నీ ఎక్కలేను ఆ మెట్లు. రేపు నాతో వస్తావా?"

సోమవారం కోడలు లాండ్రీకి సగం రోజు సెలవు పెట్టింది. రెండు బస్సులు మారారు. బస్సులో అత్తగారు పెదాలు కదుపుతూనే ఉంది. ఏం చెప్పాలో కూర్చుకుంటోందని తెలిసి కోడలు కదిలించలేదు. ఒకసారి మాత్రం "'క్షమించు' అంటే బావుంటుందా, 'తప్పు చేశాను' అంటేనా?" అని అడిగింది. వెనక సీటులో వాళ్ళు తిరిగి చూశారు.

"రెండూ అనండి" అంది కోడలు.

పాత మేడ. మూడో అంతస్తు. మెట్ల గోడకి పిల్లల గీతలు, ఒక్కో గుమ్మం ముందు ఒక్కో రకం చెప్పులు. మొదటి అంతస్తులో అత్తగారు మోకాళ్ళు పట్టుకుని ఆగింది. రెండో అంతస్తులో వెనక్కి తిరిగింది.

"ఇంట్లో ఉండదేమో. ఇంకో రోజు వద్దామా?"

"వద్దాం. కానీ తలుపు కొట్టి, లేదని తెలుసుకుని వెళ్దాం."

తలుపు కోడలే కొట్టింది. లోపల కర్ర నేలకి తగిలే చప్పుడు నెమ్మదిగా దగ్గరికొచ్చింది. తలుపు తీసిన ముసలావిడ వంగి కూడా వాళ్ళిద్దరికంటే పొడుగే. తెల్లటి జుట్టు బిగించి ముడి వేసుకుంది. ముందు కోడలిని చూసింది, ఏదో సర్వేకి వచ్చినవాళ్ళని చూసినట్టు. తర్వాత పక్కకి చూసింది.

చూసి, కర్రని రెండు చేతులతో పట్టుకుంది.

అత్తగారు బస్సులో కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి. "నిచ్చెనక్కా" అంది. తర్వాత ఏడుపు తప్ప మాట రాలేదు. చిన్నపిల్లలా, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఆ రోజు... లోపల... నేనే అక్కా, నేనొక్కదాన్నే..."

"తెలుసు" అంది నిచ్చెనక్క.

అత్తగారి ఏడుపు ఠక్కున ఆగింది.

"యాభై ఏళ్ళ నుంచీ తెలుసు. నలభై మూడు దుప్పట్లు. మీ చెల్లెలు. అంతా తెలుసు." ముసలావిడ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "నువ్వు ఎప్పటికైనా వస్తావని మొదట్లో రోజూ ఎదురుచూశాను. తర్వాత ఎదురుచూడ్డం మానేశాను. ఇప్పుడొచ్చావు."

"నీకెవరు చెప్పారక్కా?" అత్తగారు గోడ పట్టుకుంది. "ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే. ఆ హాజరు గుమాస్తా..."

కోడలి చేతిలో సంచీ బరువెక్కింది. ఆ గుమాస్తా ఉద్యోగం మానేశాడనీ, తర్వాత ఏమయ్యాడో తెలియదనీ తన వ్యాసంలో తనే రాసింది.

నిచ్చెనక్క తలుపు ఇంకాస్త తెరిచి పక్కకి తప్పుకుంది. లోపలి గదిలో కిటికీ పక్కన మంచం ఉంది. మంచం మీద ఒక ముసలాయన దిండ్లకి ఆనుకుని కూర్చుని, వీధిగుమ్మం వైపు చెవి పెట్టి వింటున్నాడు. చూపు పోయినట్టుంది. తల మాత్రం చప్పుడు వచ్చిన వైపుకే తిరుగుతోంది.

"ఎవరే వచ్చింది?" అని అడిగాడు.

నిచ్చెనక్క కర్ర గోడకి ఆనించి, అత్తగారి చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించింది. అప్పుడు లోపలికి తిరిగి చెప్పింది.

"ఆ గేటు జాబితాలో నువ్వు రాయకుండా వదిలేసిన ఏడో పేరు వచ్చింది. లేచి కూర్చో. నా పేరు అందరికంటే పైన ఎందుకు రాశావో, నాకు తాళి కట్టి కూడా ఇన్నేళ్ళు నాకు చెప్పలేదు కదా. ఇవాళ ఈమె ముందు చెప్పు."